సంసారం అంటే ఇల్లా, వలసనా? సమాధి రాయి మీద ఏం రాయాలె?

మక్తల్_మల్లేశ్
మా అవ్వ పోయిన నెల కాలం చేసింది. మాది లింగం కట్టుకునే ఇల్లు, కూసోబెట్టి సమాధి చేసినం. దినాలనాడు మఠం సామి వచ్చి భజన మధ్యల ఒక మాట చెప్పిండు. "సంసారం అనే మాటకు అసలు అర్థం వలస. జీవుడు ఒక ఒంట్లెకెల్లి ఇంకో ఒంట్లెకు వలస పోతనే ఉంటడు. మీ అవ్వకు ఆ వలస ఒడిసింది" అన్నడు. అందరం ఏడ్సినం. ఎందుకంటే మా అవ్వ బతుకంతా వలసనే. పుణెల సిమెంటు గంప మోసి మా నాయనను, ఇద్దరు మేనత్తలను సాకింది.

ఇప్పుడు రాయి చెక్కిస్తున్నం. "సంసారం విడిచి లింగైక్యం" అని రాయించుమన్నడు సామి. లింగైక్యం అంటే శివునిల కలిసిపోవుడు. మా అమ్మ ససేమిరా అంటున్నది. "సంసారం ఇడిసింది అని రాస్తే సదివినోళ్లు ఏమనుకుంటరు? మొగణ్ణి, పిల్లల్ని ఇడిసిపెట్టి పోయిందనుకోరా?" అంటది. నాకు అమ్మ మాట గూడ నిజమే అనిపిస్తున్నది. అసలు ఆ మాటకు సామి చెప్పిన అర్థం ఉన్నదా, లేక సభ కోసం అట్ల అన్నడా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

నడిగడ్డ_నర్సింలు
అమ్మ మాటే ఖాయం చెయ్యి తమ్మీ. మా దిక్కు "సంసారం ఇడిసింది" అంటే పంచాయితీ పెట్టేటంత మాట.

కోస్గి_వెంకటమ్మ
అవును మల్ల. "సంసారి" అంటే ఇల్లు చక్కగ నడిపే మనిషి. ఆమెను పట్టుకోని సంసారం ఇడిసింది అంటరా?

పాఠశాల_శాస్త్రి
సామివారు చెప్పింది సభ కోసం అన్న మాట కాదు. "సం" ఉపసర్గ, "సృ" ధాతువు. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో "సృ గతౌ" అని ఉంటుంది, అంటే కదలడం, సాగడం. దానికి ఘఞ్ ప్రత్యయం చేరితే సంసారం. సంసరతి అంటే ఒక చోటి నుంచి మరో చోటికి సాగిపోతూ ఉండడం. మనం రోజూ వాడే మాటలు చాలా ఈ ధాతువు పిల్లలే: ప్రసారం, అనుసరణ, పరిసరం, సరణి. ఏరుకు సరిత్తు అని పేరు అందుకే వచ్చింది. ప్రియుడి దగ్గరికి చీకట్లో బయలుదేరే నాయికను అభిసారిక అంటారు, అక్కడా నడకే ఉంది.

ఇక పుట్టుక, చావుల తిరుగుడు అనే అర్థం ఉపనిషత్తుల నాటికే ఉంది. కఠోపనిషత్తులో మనసు నిలపలేనివాడు ఆ పదాన్ని, అంటే పరమస్థానాన్ని, చేరడు, "సంసారం చాధిగచ్ఛతి" అంటే సంసారంలోకే వస్తాడు అని ఉంది (1.3.7). ఆ మాట అక్కడ యముడు నచికేతుడితో అంటాడు. ఇల్లు, ఇల్లాలు అని అర్థం చెబితే ఆ వాక్యం కుదరనే కుదరదు. గీతలో 9వ అధ్యాయం మొదట్లో "మృత్యుసంసారవర్త్మని" అన్నారు. వర్త్మ అంటే దారి. చావుతో కూడిన సంసారమనే దారి. ఇంటికి దారి ఉంటుంది గానీ ఇల్లే దారి కాదు కదా.

జడ్చర్ల_జంక్షన్
సర్పం కూడా ఇదే ధాతువు అనుకుంట. పాకుతది కదా.

పాఠశాల_శాస్త్రి
@జడ్చర్ల_జంక్షన్ దగ్గరగా కనిపిస్తుంది గానీ వేరు. అది "సృప్", పాకడం.

నల్లగొండ_నల్లకోటు
శాస్త్రి గారూ, ధాతువు వరకు మీ మాట కాదనను. కానీ సాగిపోవడం వేరు, వలస వేరు. సామి "వలస" అన్నది సంస్కృతం నుంచి వచ్చినట్టు నాకు అనిపించడం లేదు. ఇంగ్లీషులో దీనికి ట్రాన్స్‌మైగ్రేషన్ అని మాట ఉంది. లాటిన్ "మిగ్రారే" అంటే మకాం మార్చడం. మైగ్రంట్ లేబర్ అన్నప్పుడు ఉన్నది కూడా అదే మైగ్రేషన్. ఇంగ్లీషు వ్యాఖ్యానాలు చదివిన ఎవరో దాన్ని తెలుగులోకి తెచ్చి ఉంటారు, అది సామి దాకా చేరింది. పుట్టిన ధాతువును బట్టి మాటకు ఈనాటి అర్థం తేల్చలేం. ఈ రాయిని రేపు చదివేది మక్తల్ సంతకు వచ్చే జనం. వాళ్ల వాడుకే ఇక్కడ సాక్ష్యం.

పాఠశాల_శాస్త్రి
@నల్లగొండ_నల్లకోటు రాయి విషయంలో మీతో ఏకీభవిస్తాను. వలస మాత్రం ఇంగ్లీషు నుంచే రావాలని లేదు. బృహదారణ్యకం 4వ అధ్యాయంలో ఒక చిన్న పురుగు వస్తుంది. గడ్డిపరక కొసకు పాకి, ముందున్న ఇంకో పరకను పట్టుకుని, అప్పుడు వెనక ఒంటిని అటు లాక్కుంటుంది. జీవుడు ఒక దేహం విడిచి ఇంకో దేహం పట్టేది అట్లాగే అని అక్కడ చెప్పారు. ఇది మకాం మార్చడమే కదా? గీతలో "దేహాంతరప్రాప్తి" అన్న మాట కూడా ఉంది, ఇంకో దేహానికి చేరుకోవడం.

అచ్చంపేట_జ్యోతి
మీరందరు ధాతువుల దగ్గరే ఉన్నరు. నాకు సామి మాటల భయం పుట్టేది ఇంకోటి ఉన్నది. జీవుడు ఎందుకు తిరుగుతడు అంటే కర్మ వల్ల అంటరు. మల్ల వలసను, సంసారాన్ని ఒకటి చేస్తే పాలమూరు మనిషి పుణె, బొంబాయి పోయింది గూడ కర్మ వల్లనే అన్నట్టయితది. కాదు. మా నాయన పోయింది కరువు వల్ల. బోరు ఎండి, అప్పు పెరిగి, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నందుకు పోయిండు. అడ్వాన్సు తీరేదాంక వాపసు రానియ్యరు. కృష్ణా నది తంగిడి కాడ మన గడ్డ మీదికే వస్తది, అక్కడనే భీమ కలుస్తది. రెండు నదులు ఇంటిముందు కలిసే జిల్లాల మనుషులు తట్టలు పట్టుకోని ఊర్లిడిసిన్రు. దీన్ని పూర్వజన్మ మీదికి తోస్తే అడిగేటోడు ఉండడు.

నడిగడ్డ_నర్సింలు
జ్యోతక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు. నాగార్జునసాగర్ కాడ, శ్రీశైలం కాడ రాళ్లు మోసింది మనోళ్లు. నీళ్లు మాత్రం కిందికే పోయినయి.

మక్తల్_మల్లేశ్
@అచ్చంపేట_జ్యోతి అక్కా, సామి ఆ ఉద్దేశంతో అనలేదు. ఆయన మా ఇంటి సంగతి తెలిసిన మనిషి, ఓదార్చనీకి అన్నడు. కానీ నువ్వన్నది అమ్మకు చదివి వినిపించిన. "గదే, గదే" అన్నది.

పుణె_పాలమూరు
నేను చిన్నప్పటి నుంచి పుణెలనే. మరాఠీల గూడ సంసార్ అనే మాట ఉన్నది. అర్థం ఇంకా దగ్గరికి వచ్చింది. ఇల్లు గడుపుడు సంసారే, ఇంట్ల సామాను గూడ సంసారే. ఒకపారి మేము ఉన్న గుడిసెలు కూలగొట్టిన్రు. పక్క గుడిసెల మరాఠామె రోడ్డు మీద కూసోని "సంసార్ ఉఘడ్యావర్ పడ్లా" అని ఒకటే ఏడ్పు. సంసారం బయటపడ్డదని. చూస్తే ఆమె ముందర ఉన్నది ఒక స్టవ్వు, రెండు గిన్నెలు, నీళ్ల డ్రమ్ము, మూట కట్టిన బట్టలు. మా అమ్మ పక్కన జొన్నరొట్టెల పెనం, పాలిథీన్ కవర్ల చుట్టిన రేషన్ కార్డు, చెల్లెకు ఊయల కట్టే పాత చీర. అన్నీ రెండు సంచుల పట్టినయి. మల్లేశన్నా, సామి అర్థం, అమ్మ అర్థం రెండూ ఆ రోడ్డు మీదనే ఉండె.

కోస్గి_వెంకటమ్మ
ఈ పోస్టు చదివి మాట రాలే బిడ్డా. ఆ పెనం మా ఇంట్ల గూడ ఉన్నది.

మిర్యాలగూడ_మిల్లు
మా రైసుమిల్లుల బిహార్ పిల్లలు పనిచేస్తరు. వాళ్లను అడిగిన, సంసార్ అంటే దునియా అన్నరు, లోకమంతా. మా అక్క ఆస్పత్రిల నర్సు, ఆమెతోటి పనిచేసే కేరళ అమ్మాయి "సంసారం" అంటే మాట్లాడుకునుడు అన్నదట. తమిళంల భార్య. ఒక్క మాట ఎన్ని ఊర్లు తిరిగిందో చూడుండ్రి. నల్లకోటు అన్నా, ఏ ఊరి వాడుకను సాక్ష్యం పిలుస్తవు?

నల్లగొండ_నల్లకోటు
@మిర్యాలగూడ_మిల్లు మక్తల్ వాడుకనే తమ్మీ, రాయి ఉండేది అక్కడే :)

దేవరకొండ_ఖాజా
మా దిక్కు నుంచి గూడ ఒక మాట. ఇస్లాంల ఈ మల్ల పుట్టుడు నమ్మకం లేదు, మేము ఒప్పుకోము. కానీ దానికి అరబీల మాట ఉన్నది, తనాసుఖ్. నుస్ఖా అనే మాట మీకు ఎరుకే, హకీము రాసిచ్చేది. రెండు ఒకటే కుదురు. ఒకదాన్ని చూసి ఇంకోటి రాసుడు, నకలు తీసుడు.

నేను గల్ఫ్‌ల ఉన్నప్పుడు మా సూపర్‌వైజర్ లెబనాన్ మనిషి, ద్రూజ్ జాతి ఆయన. వాళ్లు మల్ల పుట్టుడును నమ్ముతరు. మనిషి చచ్చిపోంగనే ఆలస్యం లేకుండ ఇంకో మనిషిగనే పుడతడు, జంతువుగ పుట్టడు అంటరు. వాళ్లు దానికి వాడే మాట తఖమ్ముస్. అది ఎందులోంచి వచ్చిందో చెప్తే నమ్మరు: ఖమీస్, అంటే మనం తొడుక్కునే కమీజు! కమీజు మార్చుకునుడు అన్నట్టు. నేను ఆయనకు మా ఊరి గుడి మైకుల విన్న గీత మాట చెప్పిన, పాతబట్టలు ఇడిసి కొత్తబట్టలు కట్టుకున్నట్టు అని. ఆయన డ్యూటీ మధ్యల లేచి నన్ను అలుముకున్నడు.

పాఠశాల_శాస్త్రి
@దేవరకొండ_ఖాజా "వాసాంసి జీర్ణాని", రెండో అధ్యాయం 22వ శ్లోకం. ఖాజా భాయ్, ఈ కమీజు సంగతి నాకు ఇవాళే తెలిసింది. చాలా సంతోషం.

జడ్చర్ల_జంక్షన్
మా ఊరికి దగ్గర్లనే ఆల్వాన్‌పల్లి గొల్లత్తగుడి ఉన్నది. ఇటుకలతోటి కట్టిన పాత జైనగుడి. చూసిన ప్రతిపారి ఇటుక మీద ఇటుక అంతెత్తు ఎట్ల నిలబెట్టిన్రో అనుకుంట. అక్కడికి వచ్చిన ఒక జైన పెద్దాయన స్వస్తిక్ ముందు నిలబడి చెప్పిండు. దాని నాలుగు చేతులు నాలుగు గతులట. దేవతలు, మనుషులు, జంతువులు మొక్కలు ఉండే తిర్యంచగతి, నరకం. వాళ్ల దగ్గర "సంసారి" అంటే ఇంకా ఈ నాలుగింట్ల తిరిగే జీవుడు. పెండ్లి గాని ముని గూడ సంసారే, ముక్తి దొరికేదాంక. వెంకటమ్మక్క చెప్పిన "సంసారి"కి, ఈ సంసారికి ఎంత తేడా!

పాఠశాల_శాస్త్రి
అవును, జైనుల గ్రంథం తత్త్వార్థసూత్రంలో "సంసారిణో ముక్తాశ్చ" అని జీవులను రెండే రకాలుగా చెప్పారు. బౌద్ధులదీ ఇదే మాట, కానీ వాళ్లు ఒక దేహం నుంచి ఇంకో దేహానికి పోయే ఆత్మను ఒప్పుకోరు. తిరుగుడు ఉంది, తిరిగే శాశ్వతమైనవాడు లేడు. ఆచార్య నాగార్జునుడైతే సంసారానికీ నిర్వాణానికీ తేడా ఏమీ లేదన్నాడు, మూలమధ్యమకకారిక 25వ ప్రకరణంలో. ఫణిగిరి గుట్ట మీద స్తూపం చుట్టూ నడిచిన భిక్షువులు కూడా ఈ మాట మీద తర్జనభర్జనలు పడే ఉంటారు.

కొల్లాపూర్_ముంపు
మా ఊరు శ్రీశైలం నీళ్ల కింద ఉన్నది. మా తాతలు కట్టిన ఇల్లు, చింతచెట్టు, బొడ్రాయి, అన్నీ. కూడవెల్లి సంగమేశ్వరుని గుడి మాత్రం రాళ్లు విప్పి తెచ్చి ఆలంపురంల మల్ల కట్టిన్రు. తుంగభద్ర కృష్ణల కలిసే కాడ ఉండే గుడి. ఇప్పుడు చూస్తే ఆ రాళ్లే, ఆ శిల్పాలే. గుడికి మల్ల పుట్టుక దొరికింది, బాగానే ఉన్నది, సంతోషమే. మాకు ఇచ్చిన పరిహారంతోటి ఇల్లు లేవలేదు. కొందరు అచ్చంపేట దిక్కు, కొందరు కర్నూలు దిక్కు, కొందరు బొంబాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే మా అమ్మ పోయి మా వాకిలి ఉన్న జాగను చూసొస్తుండె. కర్మ ముచ్చటల నేను జ్యోతక్క పక్కన.

అచ్చంపేట_జ్యోతి
@కొల్లాపూర్_ముంపు అన్నా, మీ ఊరోళ్లు మా గల్లీల ఉన్నరు. ఇప్పటికీ పెండ్లిపత్రికల మీద పాత ఊరి పేరే రాస్తరు.

రాయచూరు_దారి
మల్లేశ్, మీ సామి జంగమయ్యనే కదా, లింగం కట్టుకునేటోళ్ల గురువు? జంగమ అన్న మాటకే కదిలేది అని అర్థం. గమ్ అంటే పోవుడు. దీనికి ఎదురుమాట స్థావరం, నిలిచినది. 12వ శతాబ్దంల బసవన్న చెప్పిన వచనం మా దిక్కు పిల్లలకు గూడ నోటికొస్తది: "స్థావరక్కళివుంటు, జంగమక్కళివిల్ల". నిలిచినదానికి నాశనం ఉన్నది, కదిలేదానికి లేదు. ఉన్నోళ్లు గుళ్లు కట్టిస్తరు, నేను పేదోణ్ణి ఏం కట్టించాలె, నా కాళ్లే స్తంభాలు, నా దేహమే గుడి అని ఆ వచనం మొదలయితది. కాళ్ల మీద బతికిన మీ అవ్వకు ఇంతకంటె సరిపోయే మాట నాకు కనపడుత లేదు. రాయించేది ఉంటే ఇది రాయించుండ్రి. కన్నడ మాటనే తెలుగు అక్షరాలల్ల.

కోస్గి_వెంకటమ్మ
ఇది బాగున్నది. మస్తు బాగున్నది.

నల్లగొండ_నల్లకోటు
నా ఓటు కూడా దీనికే. తప్పుగా చదవడానికి ఎక్కడా సందు లేదు.

మక్తల్_మల్లేశ్
సామికి ఫోన్ చేసిన. ఆ వచనం పేరు చెప్పంగనే ఆయనే మొత్తం పాడిండు. "అమ్మ చెప్పినట్టే చెయ్యుండ్రి, సంసారం మాట తీసెయ్యుండ్రి" అన్నడు. రాయి చెక్కేటాయన అక్షరానికి ఇంత అని తీసుకుంటడు, అందుకే పూర్తి వచనం కాకుండ ఆ ఒక్క పంక్తి, అవ్వ పేరు, ఊరి పేరు. అమ్మ ఇంకోటి అడిగింది: అవ్వ పేరు కింద "కూలి" అని రాయించొచ్చునా అని. రాయిస్తున్నం.

నడిగడ్డ_నర్సింలు
శభాష్ అమ్మా.

దేవరకొండ_ఖాజా
అమ్మకు నా సలాం చెప్పు.

మిర్యాలగూడ_మిల్లు
శాస్త్రి గారు, ఇంకోటి అడగాలె. దినాలల్ల "ప్రేతం" అంటరు కదా, పిల్లలు దయ్యం అనుకోని భయపడతరు. దానికి గూడ ఇట్లాంటి అర్థమే ఉన్నదా?

పాఠశాల_శాస్త్రి
ఉంది. "ప్ర" అంటే ముందుకు, "ఇత" అంటే పోయినవాడు. ప్రేతుడు అంటే సాగిపోయినవాడు, అంతే. భయపడాల్సింది ఏమీ లేదు. తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాల్లో పునర్జన్మకు వాడిన మాట ప్రేత్యభావం. "పునరుత్పత్తిః ప్రేత్యభావః" అని 1.1.19. ప్రేత్య అంటే పోయి, భావం అంటే అవడం. పోయి, మళ్లీ కావడం. వలస, పుట్టుక రెండూ ఒకే మాటలో ఉన్నది ఇదే. ఈ చర్చకు సంసారం కంటే ఇదే ఎక్కువ సరిపోతుందేమో. ఎందుకో వాడుకలో నిలవలేదు.

కోస్గి_వెంకటమ్మ
మన తెలుగుల గూడ అంతే కదా పంతులుగారు. బొంబాయి పోయినా "పోయిండు", చచ్చిపోయినా "పోయిండు". అందుకే బస్సెక్కేటోళ్లను "పోత" అననియ్యకపోతుండె మా అత్త. "పోయొస్త" అనాలె. మా ఆయన ఒకపారి తొందరల "పోత" అని ఎక్కిండు, ఆమె డ్రైవరును ఆపి కిందికి దించి మల్ల చెప్పిచ్చి ఎక్కిచ్చింది. బస్సుల అందరు నవ్విన్రు, ఆమె మాత్రం నవ్వలే.

పుణె_పాలమూరు
మా అమ్మ ఫోన్ పెట్టేటప్పుడు గూడ అట్లనే, "ఉంట" అంటది, "పెడ్త" అనదు.

జడ్చర్ల_జంక్షన్
మరి "వలస" ఎక్కడిది? అది గూడ సంస్కృతమేనా?

పాఠశాల_శాస్త్రి
కాదు, దక్షిణాది మాటే. కన్నడంలో వలసె, తమిళంలో వలసై, అర్థం ఒకటే. పక్షులు కాలాన్ని బట్టి ఎగిరిపోవడాన్నీ అదే మాటతో చెబుతాం. ఉత్తరాంధ్రలో ఊరి పేర్ల చివర వలస వస్తుంది, ఆమదాలవలస లాగా. వేరేచోటి నుంచి వచ్చి కుదురుకున్నవాళ్ల ఊళ్లు అవి.

నల్లగొండ_నల్లకోటు
అయితే శాస్త్రి గారూ, కన్నడంలో వలసె ఏ కాలం నుంచి శాసనాల్లో కనిపిస్తుందో రాయచూరు అన్నను అడగాలి. మన జిల్లాల శాసనాల్లో ఉంటే నేను వెతుకుతా, ఎల్లుండి కోర్టు సెలవే.

రాయచూరు_దారి
మా కాలేజీ కన్నడ మేడంను అడుగుత. కొత్త చర్చ తెరువు అన్నా, ఇది మల్లేశ్ వాళ్ల అవ్వ కోసం మొదలుపెట్టింది.